రెండు గోళీలు

“ఫిట్ అని రాసిండ్రు.”

మెడికల్ బోర్డు గదిలోంచి వచ్చి ఓదెలు భార్య పక్కన కూలబడ్డాడు.

“తల తిరుగుతదని చెప్పలేదా?” అంది గురవమ్మ.

“చెప్పిన. కండ్లు మూసుకొని గీత మీద నడువమన్నరు. ఎన్నడు లేంది, సక్కగ నడిచిన.”

అన్‌ఫిట్ అని రాస్తేనే బొగ్గుబావిలో అతని నౌకరి కొడుకు శ్రీశైలానికి వస్తుంది. మూడేళ్లుగా బావిలో తూలిపడుతూ ఈ రోజు కోసమే ఆగాడు.

“జూలూరుపాడుల బస్సెక్కేటప్పుడు నాకు నువ్విచ్చిన గోళీలేంది?”

“వాంతులకు. తల తిరుగుడు గూడ ఆగుతదని మందుల దుకాణంల చెప్పిండ్రు. దారిల తిప్పలపడతవని రెండు...”

గురవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఓదెలు అడిగాడు.

“ఇంకెన్ని ఉన్నయి?”

“ఎనిమిది.”

“ఇటియ్యి. రేపు మొదటి షిఫ్టుకు బావిల దిగాలె.”