మెట్ల మీద మంచు

అమెరికాలోని డులూత్‌లో మంచు కురుస్తుండగా, మార్లిస్ తమ వీధి ఆన్‌లైన్ గ్రూపులో రాసింది: "మతిమరుపున్న మా నాన్న ఇల్లు వదిలి ఎటో వెళ్ళిపోయాడు. ఎర్ర గళ్ళ కోటు వేసుకున్నాడు. కనిపిస్తే చెప్పండి."

"అయ్యో, జారిపడతాడేమో! ఆ డర్క్ ఇంటిముందు మంచు తీసి చావడుగా," అని పొరుగాయన ఒకడు రాశాడు.

"నేను తీయనా? ముందు నీ కుక్క పెంట నువ్వెత్తవయ్యా!" అన్నాడు డర్క్.

ఇక చర్చ కుక్కలు, మేయరు, పన్నుల మీదికి పోయింది. వీధిలోని మేధావులంతా దిగారు.

"నాన్న ఇంకా దొరకలేదండీ," అని మార్లిస్ మళ్ళీ రాసింది.

"మంచు గురించి మాట్లాడుతుంటే మధ్యలో నీ గోలేంటమ్మా?" అని ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

డర్క్ పౌరుషంగా ఆఫీసు నుంచే తన గుమ్మం కెమెరా ఫొటో పెట్టాడు. "ఇప్పటిదే! మెట్ల మీద మంచుందా?"

లేదు. ఎర్ర గళ్ళ కోటులో ఒక ముసలాయన ముడుచుకుని కూర్చున్నాడు.

"మెట్ల మీద జారకుండా ఉప్పు చల్లలేదేం?" అని అందరూ ఎగబడ్డారు.