వెనక బెంచీ సందేహం

“అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి,” అంది వెనక బెంచీ ఆవిడ, ముచ్చటగా మూడోసారి.

ఇంగ్లీషు మాస్టారి చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. అసలే కోపం ముక్కుమీదుండే మనిషి. ఇంకోచోటైతే ఈపాటికి క్లాసు దద్దరిల్లిపోయేది. కానీ ఈ కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టినవాళ్ల సందేహం తీరేదాకా మాస్టారు గుమ్మం దాటకూడదు. పక్క గదిలో యజమాని చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు.

“అడ్వర్బ్ క్లాజులు మీవల్ల కాదు గానీ వదిలేయండి. మిగతావాటితో గట్టెక్కుతారు,” అన్నాడు ఆమె ముఖం చూడకుండానే.

“గట్టెక్కను సార్. పోయినసారి తప్పింది ఇక్కడే. ఆదివారం పరీక్ష. నా వయసుకి ఇదే ఆఖరి అవకాశం. ఆ ఉద్యోగం నాకు కావాలి.”

ముందు బెంచీల్లో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుందామె. నామోషీని ఇంట్లోనే వదిలేసి వచ్చింది మరి.

“వెన్ కనిపిస్తే అడ్వర్బ్ క్లాజని మీరే అన్నారు. ‘ఐ నో వెన్ హి కమ్స్’లోనూ వెన్ ఉంది. నా జవాబు ఎందుకు కొట్టేశారు?”

“నీకెన్నిసార్లు...” అని నాలిక్కరుచుకున్నాడు మాస్టారు. “మీకెన్నిసార్లు చెప్పాలండీ? బయటికి పంపించేస్తాను.”

“పంపండి. పక్క గదిలో నాలుగు ముక్కలు చెప్పి, మళ్లీ ఇక్కడే వచ్చి కూర్చుంటాను. మీ కోపానికి జడిసే రోజులు పోయాయి.”

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది. మాస్టారు దిగొచ్చాడు.

“వెన్‌ని చూడకండి. క్రియని ప్రశ్న అడగండి. ‘గంట మోగినప్పుడు గుమాస్తా వెళ్లాడు.’ వెళ్లాడు, ఎప్పుడు? గంట మోగినప్పుడు. ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవాటికి జవాబొస్తే అది అడ్వర్బ్ క్లాజు. ‘వాడెప్పుడొస్తాడో నాకు తెలుసు.’ తెలుసు, ఏమిటి? వాడెప్పుడొస్తాడో. ఏమిటికి జవాబొస్తే నౌన్ క్లాజు.”

“ఇంతేనా? ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా.”

ఆయన బోర్డు నిండా వాక్యాలు రాశాడు. ఆమె ఒక్కటీ తప్పకుండా గుర్తుపట్టేసింది. ఇందాక నవ్విన పిల్లలు ఆమె జవాబులు విని తమవి దిద్దుకున్నారు. ఆదివారం రానీ, చూద్దాం అనుకుందామె.

క్లాసు వదిలాక, మెట్ల దగ్గర ఓ అమ్మాయి ఆమెను ఆపింది.

“ఊళ్లో ఇంతమంది మాస్టార్లుండగా, ఫీజు కట్టి మరీ ఈ ముక్కోపి దగ్గరే చేరారేంటి ఆంటీ?”

ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

“ఇంట్లో అడిగితే చెప్పరమ్మా మా ఆయన.”