మోకాలి లోతు

వాగు ఒడ్డునున్న ప్రతి ఇల్లూ నీటి లోతును ఫోన్‌కు చెప్పాలి. ఆ మాటలన్నీ కలిపితేనే వరద అంచనా. డ్రైవర్ లేని బస్సు ఆ అంచనాను బట్టే వాగు మీది చప్టా దాటుతుంది. కానీ పొంగే గంగమ్మ లోతును నోటితో అంటే ఇంకా పొంగుతుందని ఊరి నమ్మకం. అందుకే పొద్దుటి నుంచి అందరూ మోకాలి లోతే అంటున్నారు.

ఉపేంద్రమ్మ వచ్చేసరికి చప్టా మీద నీళ్లు ఛాతీ ఎత్తున పారుతున్నాయి. అవతలి గట్టుకు బస్సు వచ్చింది. అందులో ఆమె కూతురుంది.

“ఛాతీ లోతు! బస్సు ఆపండి!” అని ఫోన్‌లో అరిచింది.

“మీ మాట ఊరి మాటతో కలవడం లేదు. ఇంకొకరు చెప్పేదాకా బస్సు ఆగుతుంది,” అంది ఫోన్.

ఆమె పక్కింటి బుచ్చమ్మను చేయి పట్టుకుని లాక్కొచ్చింది. “పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుతా, ఉన్నదున్నట్టు చెప్పు. బస్సుల నా బిడ్డున్నది.”

బుచ్చమ్మ నీళ్లను చూసింది. “అయ్యో, బిడ్డున్నదా!” అంటూ కళ్లు మూసుకుని వాగుకు దండం పెట్టింది. ఫోన్ అందుకుంది.

“మోకాలి లోతే తల్లీ, మోకాలి లోతే,” అని ఏడుస్తూ వాగును బతిమాలింది.

అవతల బస్సు కదిలింది.