తాళం తిప్పే మనిషి

కారు బ్యాటరీ పరీక్షకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బానెట్ దగ్గర మీటరు పట్టుకోవాలి, ఇంకొకరు సీట్లో కూర్చుని తాళం తిప్పాలి.

బట్టలు కుట్టి బతికే దర్జీ అక్కకి ఆ ఉదయం వచ్చిన చిక్కల్లా ఆ రెండో మనిషి లేకపోవడమే.

భర్త ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం మీటరు ఆయనది, తాళం ఆమెది. ఆయన "తిప్పవోయ్" అనేవారు, ఆమె తిప్పేది. మీటరులో అంకె పది వోల్టుల కన్నా కిందికి దిగకపోతే, కన్నబిడ్డ పరీక్ష పాసైనట్టు మురిసిపోయేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. కారు అప్పట్నించీ షెడ్డులో దుమ్ము కప్పుకుని పడుకుంది.

అక్కడ రెండు కుట్టుమిషన్లు పడతాయని అన్నయ్య ఎన్నాళ్ళుగానో పోరుతున్నాడు. చివరికి అన్నాచెల్లెళ్ళు ఒక మాట అనుకున్నారు. ఇవాళ పాత ఇనుము కొట్టు ఆయన వచ్చేలోగా ఇంజను పలికితే కారు ఉంటుంది. పలక్కపోతే ముక్కలైపోతుంది.

ఆమె భర్త పాత చొక్కా పైన తొడుక్కుని పనిలోకి దిగింది. కారు తలుపు తీసి, బానెట్ లేపి, తాళంచెవిని చొక్కా జేబులో భద్రంగా వేసుకుంది. ఉన్నది అదొక్కటే మరి. రెండోది ఏనాడో పోయిందని కారు అమ్మినాయన బ్రోకరు చేత చెప్పించాడట.

"ఏనుగునిచ్చి అంకుశం దాచుకున్నాడు మహానుభావుడు" అని భర్త తలుచుకున్నప్పుడల్లా నవ్వేవారు.

నిన్నంతా చార్జరుకి పెట్టిన బ్యాటరీ మీటరులో పన్నెండున్నర వోల్టులు చూపించింది. ఊరికే కూర్చున్నప్పుడు అందరూ బలవంతులే. తాళం తిప్పినప్పుడు నిలబడాలి. అన్నయ్యని పిలిస్తే నడుం నొప్పన్నాడు.

అప్పుడే గేటు దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కారు కోసం వచ్చానమ్మా."

యముడు వేళకన్నా ముందే దిగాడనుకుంది ఆమె. ఆయన ఇంకేదో చెప్పబోతే సాగనివ్వలేదు.

"మీ కంటికి ఇది ఇనుమే కావచ్చండీ. ముందు ఆ సీట్లో కూర్చుని తాళం తిప్పండి. పలక్కపోతే అప్పుడు మాట్లాడదాం."

ఆయన మాట మింగేసి, కాళ్ళు దులుపుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆ తలుపు కాస్త పైకెత్తి లాగితే గానీ పడదు. ఆమె చెప్పేలోపే ఆయన ఎత్తి లాగాడు. ఎన్ని పాత తలుపులు పీకాడో మరి అనుకుంది.

"తిప్పండి."

ఇంజను టక్కుమని ఊరుకుంది.

ఆమె మీటరు పక్కన పెట్టింది. వంగి చూస్తే బ్యాటరీ తీగలు బిగించిన చోట తెల్లగా బూజులాంటి పొడి కనిపించింది. దానికి భర్త ఏం చేసేవారో గుర్తొచ్చింది. కెటిల్ తెచ్చి వేడినీళ్ళు పోస్తూ, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతూ, ఆపుకోలేక చెప్పుకుపోయింది. ఆ సీటు ఎప్పుడూ తనదేనని, పరీక్ష పాసైన ఆదివారం ఇద్దరూ వంతెన దాకా వెళ్ళి వచ్చేవాళ్ళమని.

"పనేమీ ఉండేది కాదండీ. ఊరికే వెళ్ళేవాళ్ళం."

"ఊరికే తిరగడానికే బాగుంటుందమ్మా ఇది" అన్నాడాయన నెమ్మదిగా.

ఆమె తీగలు బిగించి మీటరు పట్టుకుంది.

"ఇప్పుడు తిప్పండి."

అంకె పదిన్నర దాకా జారి, అక్కడ నిలబడింది. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. షెడ్డంతా ఆ పాత చప్పుడుతో నిండిపోయింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భర్త పక్కనే నిలబడి మురిసిపోతున్నట్టే ఉంది.

"విన్నారా? ఇంక నా కారుని ఎవరికీ ఇవ్వను."

ఆయన స్టీరింగు మీద చేతులుంచి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. దిగాక చూస్తే ఆ కళ్ళు తడిగా ఉన్నాయి. పాపం బేరం పోయిందని బాధ కాబోలనుకుంది.

"ఎవరొచ్చి అడిగినా ఇవ్వకండమ్మా. వెంటనే ఆపెయ్యకండి, బ్యాటరీని నిండనివ్వండి."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంతోషంలో ఆమె మంచినీళ్ళైనా ఇవ్వలేదు.

కాసేపటికి గేటు ముందు లారీ ఆగింది. దిగినతను తనది పాత ఇనుము కొట్టు అని చెప్పాడు.

"మరి ఇందాక వచ్చినాయన?"

"ఆ ముసలాయనా? నిన్న మా కొట్లో మీ కారు మాట విని, ముక్కలు చెయ్యొద్దు, నేను కొనుక్కుంటానని ఒకటే బతిమాలాడండీ. ఆవిడనే అడగమని మీ ఇల్లు చెప్పాను. అడగలేదా?"

ఆమె గేటు దాకా పరిగెత్తింది. వీధి చివరిదాకా ఎవరూ లేరు.

వెనక్కొచ్చి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి అలవాటుగా చొక్కా జేబులో వేసుకోబోయింది.

జేబులో తన తాళంచెవి ఉంది.

ఆమె గుప్పెట విప్పి చూసింది. ఇన్నేళ్ళూ దాచుకున్న అంకుశాన్ని కూడా ఆమెకే ఇచ్చేసి వెళ్ళాడు ఆ మహానుభావుడు.