రాని మనిషికి దీపం

“వలదత్తా, వలదు! ఆ దీపం వెలిగించవలదు!”

లొరెయిన్ చటుక్కున హెర్మీనా చెయ్యి పట్టేసుకుంది. అగ్గిపుల్ల ఆరిపోయింది. శ్మశానం నడుమ పెద్ద సిలువ చుట్టూ మూగిన ఆ స్లొవాక్ పల్లె జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. పోయినవాళ్లకు దీపాలు పెట్టే సకల పునీతుల పండగ సాయంకాలం ఆ శ్మశానంలో చామంతుల కుండీ పెట్టడానికి చోటు లేదని పోట్లాడుకున్నవాళ్లున్నారు గాని, దీపం పెట్టే చేతిని పట్టుకు ఆపినవాళ్లు ఇంతవరకూ లేరు.

వెనక ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చేతికి కాదు, మాటకి. స్లొవాక్ భాష లొరెయిన్ పెన్సిల్వేనియాలో బామ్మ ఒళ్లో నేర్చుకుంది. నూరేళ్ల కిందట ఇక్కణ్ణుంచి అమెరికాకి ఓడెక్కిన మనుషులు తిరిగి రాలేదుగాని, వాళ్ల కాలపు పాత మాటలు మాత్రం చెక్కు చెదరకుండా లొరెయిన్ నోట తిరిగొచ్చి దిగాయి.

“ఏమే పిల్లా, దయ్యం గానీ పట్టిందా?” అంది హెర్మీనా. యాభై దాటిన లొరెయిన్ ఆవిడ కంటికి పిల్లే. “పొద్దున్నే చెప్పానుగా! సిలువ దగ్గర పెట్టేది ఈ ఊరి మట్టి దక్కనివాళ్లకని. మా బామ్మ మొగుడు ఒండ్రెయ్ మీ అమెరికా బొగ్గుగనిలో పోయాడు. ఏటేటా ఆయనకొకటి ఇక్కడ పెడతాం. ఆ రెండోది చర్చి గంటలు కొట్టే మతూష్‌కి. పాపం పెళ్లీ పెటాకులూ లేని మనిషి, నా అన్నవాళ్లు లేరు.”

“మతూష్‌కి పెట్టు. ఒండ్రెయ్‌కి వలదు.”

లొరెయిన్ ఏళ్ల తరబడి వంశవృక్షం కొమ్మలు పట్టుకు వేలాడి వేలాడి, చివరికి ఈ వేరు దగ్గర వచ్చి పడింది. వచ్చిన రోజున గుమ్మంలోనే, ‘ఒండ్రెయ్ తమ్ముడి మునిమనవరాలిని’ అంది. అంతే. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసమనీ, గసగసాల రొట్టె అనీ, ప్లమ్ పళ్ల సారా అనీ, హెర్మీనా వడ్డించి వడ్డించి ఇంకోమాట మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు నిజం చెబితే వెతగ్గా వెతగ్గా దొరికిన చుట్టం చెయ్యి జారిపోతుంది. చెప్పకపోతే అబద్ధం ముందు దీపం వెలుగుతుంది.

“ఒండ్రెయ్ గనిలో పోలేదత్తా. ఎనభై దాటాక మంచం మీద పోయాడు. ఇక్కడ మీ బామ్మ బతికుండగానే అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆరుగురు పిల్లలు. అందులో ఒకాయన మా తాత. నేను తమ్ముడి తాలూకు కాదు, ఒండ్రెయ్ తాలూకే. మీ బామ్మకు ద్రోహం చేసినవాడి మునిమనవరాలిని. నీ ఉప్పు తిని నీ దగ్గరే బొంకాను. మన్నింపుడు.”

హెర్మీనా మొహంలోకి చూసే ధైర్యం లేక చామంతుల మొహాలు చూస్తూ నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు కొరుక్కుంటారనుకుంది. వాళ్లు పెదాలు కొరుక్కుంటున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

“తమ్ముడన్నప్పుడే అనుకున్నాను,” అంది హెర్మీనా. “ఒండ్రెయ్‌కి తమ్ముడెక్కడ ఏడిశాడే? ఒక్కగానొక్క కొడుకు.”

లొరెయిన్ తల పైకి లేచింది. “మొదటిరోజే తెలుసా? మరి అంతంత తిండి ఎందుకు పెట్టావత్తా?”

“అబద్ధమాడేవాళ్లకి ఆకలి వెయ్యదుటే? సర్లే, ఇది చెప్పు. అక్కడ సుఖపడ్డాడా?”

“పడ్డాడు. పెరట్లో తోట పెంచేవాడట. ఆదివారాలు అకార్డియన్ వాయించేవాడట.”

“అమ్మయ్య!” హెర్మీనా గుండెల మీద సిలువ గీసుకుంది. “దేవుడు చల్లగా చూశాడు. ఎక్కడో చీకట్లో బొగ్గు కింద నలిగిపోయాడేమోనని ఇన్నాళ్లూ నాకు తప్పు చేసినట్టుగా ఉండేది.”

ఇంకో పుల్ల గీసి ఒండ్రెయ్ దీపం వెలిగించింది. గాలికి ఆరకుండా ఎర్రగాజు మూత కూడా పెట్టింది.

“నీ తప్పేమిటత్తా? కోపం రాదూ?”

“కోపమెందుకే? ఏటేటా ఈ దీపం ఆయన పోయినందుకనుకున్నావా? రానందుకు!”

లొరెయిన్‌కు బుర్ర తిరిగింది. అయినా అసలు భయం పోలేదు. “మరైతే... మన చుట్టరికం?”

“దానికేం వచ్చిందిప్పుడు? ఆయన అక్కడ ఉండిపోయినందుకు నువ్వొక్కదానివే రుణపడ్డావనుకున్నావా? బుట్ట పట్టుకుని పద.”

మతూష్ సమాధి గోడవారగా ఉంది. చామంతులు మాత్రం ఊళ్లో ఎవరి సమాధి మీదా లేనన్ని ఉన్నాయి. రాతి మీద కోడిగుడ్డంత పింగాణీ ఫోటో, మంచు పట్టి మసకబారింది. హెర్మీనా దీపం వెలిగించి, తలగుడ్డ విప్పి దాంతో ఫోటో తుడిచింది. వచ్చినప్పటినుంచీ భోజనాల దగ్గర కూడా ఆ తలగుడ్డ విప్పగా లొరెయిన్ చూడలేదు.

ఫోటోలో మీసాలకన్నా ముందు చెవులు కనిపించాయి. మొహానికి రెండు వైపులా తలుపులు బార్లా తీసిపెట్టినట్టున్నాయి. లొరెయిన్ నవ్వబోయి, పక్కకు తిరిగి హెర్మీనాను చూసి నోరు తెరిచింది.

అవే తలుపులు. బార్లా.

“చూశావుగా,” అంది హెర్మీనా, ఫోటోను ముద్దుగా ఇంకోసారి తుడుస్తూ. “మా నాన్నకి ఇంటిపేరు మీ ముత్తాత వదిలి వెళ్లాడు. మిగతాదంతా ఈయనే చూసుకున్నాడు.”