నాలుగో తాళం

ఈ నెలలో ఇది నాలుగో తాళం. "ఆయన చేతికి ఆగే తాళం నా దగ్గర లేదక్కా," అంటూనే ఇచ్చాడు కొట్టతను. తలుపు లోపలి గొళ్లేనికి బిగించి, తాళంచెవి తాడుకి గుచ్చి మెడలో వేసుకున్నాను.

మా ఆయన నలభై ఏళ్లు తాళాలు బాగుచేశారు. ఇప్పుడు కొడుకు పేరు గుర్తులేదు, పెళ్లి గుర్తులేదు, నేనెవరో అసలే తెలియదు. పని మాత్రం చేతుల్ని వదల్లేదు. నా తలపిన్ను ఒకటి దొరికితే చాలు, తాళం తీసి బయటపడతారు. ప్రతిసారీ వీధి మలుపులో అటూ ఇటూ చూస్తూ దొరుకుతారు.

మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంది. లేచేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పరుగున వెళ్తే ఆయన అప్పుడే వెనక్కి వస్తూ గుమ్మంలో ఎదురయ్యారు.

"మీకు దణ్ణం పెడతాను. నా వల్ల కావడం లేదు. ఇంక బయటికి పోకండి," అంటూ అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆయన నా పక్కన చతికిలబడి గొంతు తగ్గించారు.

"ఏడవకమ్మా. ఎవరో నిన్ను లోపల పెట్టి తాళం వేశారు. నేను తీసేశాను. మలుపుదాకా వెళ్లి చూసొచ్చాను, ఎవరూ రావడం లేదు. వెళ్లిపో తల్లీ. మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."