హోరులో అడిగిన ఓటు

మగ్గాలు నడవడం మొదలై ఎంతోసేపు కాలేదు. ఫిట్టరు భార్య తన మగ్గం దగ్గర నిలబడి, పక్క వరసలోని అమ్మాయికి కనబడేలా చూపుడువేలు నిలబెట్టి, దాని మీద అరచెయ్యి బోర్లించింది.

గొడుగు. ఆమె భర్త ఎన్నికల గుర్తు.

ఆ అమ్మాయి గబగబా అటూ ఇటూ చూసింది.

"వదినా, మతి పోయిందా? పనివేళ ఇది!" అంది, పెదవులతోనే.

ఆ షెడ్డులో అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. అన్ని మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే పక్కనే నిలబడి అరిచినా వినబడదు. కొత్తగా చేరినవాళ్ళను ఏడిపించే ఆ హోరే, కొన్నాళ్ళకు వాళ్ళకొక భాష నేర్పుతుంది. చేతులు పలుకుతాయి, కళ్ళు వింటాయి.

తలుపు పక్క గోడకు యూనియన్ ఎన్నికల నియమాలు అంటించి ఉన్నాయి. పని గంటల్లో ఓటు అడిగినట్టు రుజువైతే, అడిగింది ఎవరైనా సరే, ఎవరి కోసం అడిగారో ఆ అభ్యర్థి పేరు కొట్టేస్తారు. నియమం అందరికీ ఒక్కటే. కాకపోతే, ఏళ్ళ తరబడి కుర్చీ వదలని ప్రెసిడెంటు పని గంటల్లో మగ్గం మగ్గానికీ తిరిగి భుజాలు తడితే, దాన్ని సమస్యల పరిశీలన అనేవారు.

ఆ ప్రెసిడెంటు కిందటి సాయంత్రం ఫిట్టరు ఇంటికి వచ్చాడు. ఫిట్టరు ఇంకా ఇల్లు చేరలేదు. పరవాలేదంటూ కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

"మీ ఆయన పనిమంతుడు చెల్లెమ్మా. పైకెక్కి మగ్గాలు తిప్పే బెల్టు సరిచేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. క్రితంసారి నా మీద పోటీకి నిలబడ్డ ఆయిల్‌మ్యాన్ కూడా ఇలాగే ఎక్కేవాడు. పాపం, వాడు పైనుండగానే కింద ఎవరో స్విచ్చి వేశారు. ఎవరో ఇప్పటికీ తెలీదు."

గ్లాసు ఖాళీ చేసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"గెలుపూ ఓటమీ ఎవరి చేతుల్లో ఉన్నాయి చెప్పు? కానీ పోటీలో పేరున్నవాడికి దిష్టి తగులుతుందమ్మా. అది మాత్రం నేను చూశాను."

భర్త వచ్చాక ఆమె ఈ మాటలు చెబితే అతను పకపకా నవ్వాడు. "బెదిరిస్తున్నాడంటే వాడికి కాళ్ళకింద నేల కదిలిందన్నమాట. అయినా ఇప్పుడు తప్పుకుందామన్నా గడువు దాటిపోయింది. రేపొక్కరోజు ఓపిక పట్టు, ఎల్లుండి పోలింగు."

ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. తెల్లారేసరికి మనసు గట్టిపడింది.

ఇప్పుడిక ఆమెకు అడ్డూ ఆపూ లేవు. నూలు కండె మార్చేందుకు కదిలిన ప్రతిసారీ ఎవరో ఒకరికి గొడుగు చూపిస్తూనే ఉంది. సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడే కాదు, ఇటు తిరిగినప్పుడూ చూపించింది. ఒకామె కంగారుగా అడ్డం వచ్చి నిలబడింది. ఇంకొకామె ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"అన్నయ్య గెలవకముందే ఓడించేట్టున్నావు తల్లీ!"

అంతలో తలుపు తెరుచుకుంది. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఎన్నికల అధికారి లోపలికి వచ్చాడు. వచ్చిన క్షణం నుంచే ఎప్పుడు బయటపడదామా అన్నట్టున్నాడు. ఆయన ఏదో అరిచాడు. ఎవరికీ వినబడలేదు. ఆ హోరును చీల్చుకుని వినిపించే గొంతు షెడ్డులో ఒక్క పెద్దమ్మకే ఉంది. మగ్గాల మధ్యే తల నెరిసిన మనిషి. ఆమే ముందుకొచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఏం కావాలి సార్?"

"పనివేళలో గొడుక్కి ఓట్లు అడుగుతున్నారట! పొద్దున ఫోన్ వచ్చింది!"

"ఎవరు చేశారు?"

"పేరు చెప్పలేదు! ఈ సైగ ఏమిటో అడుగు!" అంటూ ఆయన వేలి మీద అరచెయ్యి బోర్లించి చూపించాడు.

పక్క వరస అమ్మాయి రెప్పవెయ్యకుండా ఏదో అంది. పెద్దమ్మ ఆయన చెవిలో వేసింది. "పైన దారం తెగిందని అర్థమట సార్!"

ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే అన్నారు. చివరికి అధికారి ఫిట్టరు భార్య ముందు ఆగాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. పెదవులు కదిలాయి. ఆయన చెవికి చెయ్యి ఆనించాడు. పెదవులు మళ్ళీ కదిలాయి.

"ఏమంటోంది?"

పెద్దమ్మ ఒక్క క్షణం ఆమెనే చూసింది.

"తనకేమీ తెలీదంటోంది సార్!"

ఫిట్టరు భార్య అధికారి చొక్కా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది. "బెదిరిపోయింది సార్, పిరికిది. మీరు వెళ్ళండి!"

"ఫిర్యాదు కొట్టేశాను! పోలింగయ్యేదాకా ఇంకొకటి తీసుకోను!" అని ఆయన దగ్గుకుంటూ బయటపడ్డాడు.

భోజనాల గంట కొట్టారు. మగ్గాలు ఆగిపోయాయి. గేటు దగ్గర అధికారి కారు కదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆడవాళ్ళంతా ఫిట్టరు భార్యను చుట్టుముట్టారు.

"గండం గడిచింది వదినా! ఇక అన్నయ్యను ఆపేవాడు లేడు!"

"ఆ ఫోన్ చేసినవాళ్ళ నోట్లో మన్ను పడ!"

"మన్నెందుకే దండగ, దూది కుక్కు!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. ఫిట్టరు భార్య గడ్డం పట్టుకుని తలెత్తింది.

"మాకున్న దిక్కు మీ ఆయనొక్కడే తల్లీ. రేపు ఓట్లు పడేదాకా నోరు మెదపకు."

పక్క షెడ్డులో ఫిట్టరు నిచ్చెన మీద ఉన్నాడు. బెల్టు సరిచేస్తున్న సుత్తి చప్పుడు ఆ నిశ్శబ్దంలో టకటకా వినిపిస్తోంది.

అధికారి ముందు ఆమె పెదవులు రెండుసార్లూ పలికినది, ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మ పొల్లుపోకుండా చదివినది, ఒకే మాట: "ఫోన్ చేసింది నేనే బాబూ, ఆయన పేరు కొట్టేసి మనిషిని బతకనివ్వండి."